బుడ్‌వైజర్ పేరు ఎవరిది?

చెక్ రిపబ్లిక్ దక్షిణ భాగంలో చెస్కే బుదెయోవిత్సే అనే ఊరుంది. 13వ శతాబ్దంలో రాజు రెండో ఒటాకర్ కట్టించిన పట్నం. జర్మన్ మాట్లాడేవాళ్లు దాన్ని బుడ్‌వైస్ అనేవారు. బందరు లడ్డు లాగే, బుడ్‌వైస్ బీరు బుడ్‌వైజర్ అయింది.

1876లో ఆ పేరు సముద్రం దాటింది. జర్మనీ నుంచి వలసవెళ్లి అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో స్థిరపడిన అడాల్ఫస్ బుష్, మిత్రుడు కార్ల్ కాన్రాడ్ కోసం అదే పేరుతో బీరు తయారుచేశాడు. అసలు ఊళ్లో ఇప్పటి బుద్వార్ కంపెనీకి మూలమైన సంస్థ పుట్టింది 1895లో. అందుకే అమెరికా వాళ్లు ‘మీ కంపెనీకన్నా మా బీరే ముందు’ అంటారు. చెక్‌లు ‘ఊరు మాది, పేరూ మాదే’ అంటారు. రెండూ నిజమే. తగవు తెమలకపోవడానికి కారణం కూడా అదే.

1911లో ఓసారి రాజీ కుదిరింది. 1939 మార్చిలో మరో ఒప్పందం: పనామాకు ఉత్తరాన ఆ పేరు వాడబోమని చెక్ కంపెనీ రాసిచ్చింది. అదే నెల 15న హిట్లర్ సేనలు ప్రాగ్‌లోకి దిగాయి. దేశమే చేజారుతున్న వేళ పెట్టిన సంతకాన్ని సరిసమానుల బేరంగా చూడటానికి నాకు మనసొప్పదు. అమెరికాలో చెక్ బీరు ‘చెక్‌వార్’ అనే పేరుతో అమ్ముడవుతోంది.

ఆ ఒప్పందం యూరప్‌కు వర్తించదు. ట్రేడ్‌మార్క్ హక్కు ఏ దేశానికి ఆ దేశంలోనే చెల్లుతుంది కాబట్టి పోరు దేశదేశానికీ పాకింది. పోర్చుగల్‌లో అమెరికన్ కంపెనీ 1981లో దరఖాస్తు పెట్టింది. 1986లో పోర్చుగల్, చెకొస్లొవేకియాల మధ్య కుదిరిన ఒప్పందం ఆధారంగా అక్కడి సుప్రీంకోర్టు 2001లో ఆ రిజిస్ట్రేషన్‌ను కొట్టేసింది. కంపెనీ స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల కోర్టుకెక్కింది. ట్రేడ్‌మార్క్ దరఖాస్తు కూడా ఆస్తి కిందికే వస్తుందని 2007లో ఆ కోర్టు తేల్చింది. కానీ పోర్చుగల్ తప్పు చేయలేదంది.

బ్రిటన్ కథ మరీ ఆసక్తికరం. ఇద్దరూ ఆ పేరు వాడుకోవచ్చని 1984లోనే అప్పీలు కోర్టు చెప్పింది. 2000 మే 19న రెండు కంపెనీల పేరిటా మార్కు రిజిస్టరైంది. తర్వాత వచ్చిన మార్కును చూస్తూ చూస్తూ ఐదేళ్లు ఊరుకుంటే పాత హక్కుదారు దాన్ని రద్దు చేయమని అడగలేడు. ముందుగా దరఖాస్తు పెట్టుకున్న అమెరికన్ కంపెనీ 2005 మే 18న, గడువుకు సరిగ్గా ఒక్కరోజు ముందు, చెక్ మార్కును రద్దు చేయమని అర్జీ పెట్టింది!

కేసు లక్సెంబర్గ్‌లోని యూరప్ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2011లో తీర్పు వచ్చింది: దాదాపు ముప్ఫై ఏళ్లుగా ఇద్దరూ నిజాయితీగా ఒకే పేరు వాడుతున్నారు, రుచి, ధర, సీసా తీరు వేరని బ్రిటిష్ జనానికి తెలుసు, కాబట్టి రద్దు అక్కర్లేదు. మరుసటేడు లండన్ అప్పీలు కోర్టూ అదే ఖాయం చేసింది. కొనేవాడి తెలివిని లెక్కలోకి తీసుకున్న ఈ తీర్పే నాకు అన్నిటికన్నా సబబుగా తోస్తుంది. అయితే ఇది ఈ కేసు ప్రత్యేక పరిస్థితులకే పరిమితమని న్యాయమూర్తులు గట్టిగా చెప్పారు. జర్మనీలో మాత్రం బుడ్‌వైజర్ అంటే చెక్ బీరే. అమెరికన్ బీరు అక్కడ ఆ పేరుతో అమ్ముడుపోవడానికి లేదు.