చెవిలో బంగారు ముల్లు

విమానం వెనక తలుపు కిందికి వాలుతుంది. చల్లగాలి మొహానికి తగిలాక గాని ఎడారి వెనకబడిపోయిందని మీకు తెలియదు. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాలు రెండూ సాగుతున్న కాలం. మీరు పాతికేళ్లు నిండని అమెరికన్ సైనికుడు. సీ-17 విమానంలో అంతస్తులుగా కట్టిన స్ట్రెచర్లలో మీదొకటి. జర్మనీలోని రామ్‌స్టైన్ వైమానిక స్థావరంలో నలుగురు పట్టి దించుతారు, బస్సెక్కిస్తారు. ఆ పక్కనే లాండ్‌స్టూల్ ఆస్పత్రి. అమెరికా వెలుపల అమెరికన్లకున్న ఆస్పత్రుల్లో అదే పెద్దది. దూరం కొద్దిపాటిదే, కానీ బస్సు మలుపు తిరిగినప్పుడల్లా మీకు పళ్లు బిగుసుకుంటాయి.

తొడలో దిగిన ఇనుప ముక్కల్ని సర్జన్లు ఎడారిలోనే తీసేశారు. నొప్పి మాత్రం మీతోపాటే విమానమెక్కింది. మార్ఫిన్ ఎక్కిస్తే కాసేపు నిమ్మళిస్తుంది. ఆ కాసేపట్లోనే కడుపులో తిప్పుతుంది, నాలుక ముద్దకడుతుంది, ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ అడిగిన ప్రశ్న మధ్యలోనే మీకు కన్ను మూతపడుతుంది.

మర్నాడు యూనిఫాంలో ఉన్న డాక్టరు ఒకాయన మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటాడు.

“పదికి ఎంత?”

“ఏడు, సార్. లేచి నిలబడితే ఎనిమిది.”

“సూది వేస్తాను. అందులో మందేమీ ఉండదు. కాలికి కాదు, చెవికి.”

మీరు ఆయన మొహంలోకి చూస్తారు. ఆయన నవ్వడం లేదు.

ఆయన విప్పుతున్న సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఫ్రాన్స్ సరుకు. అందులో బంగారు పూత పూసిన సూది ఉంది. సూదంటే పొడవాటిదేం కాదు, బియ్యపు గింజకన్నా పొట్టిది. మొన బాణం ములుకులా ఉంటుంది, అందుకే లోపలికి దిగితే ఓ పట్టాన ఊడి రాదు. స్పిరిట్ దూదితో చెవి తుడుస్తాడు. తమ్మెకు కాస్త పైన, చెవి రంధ్రం ముందున్న చిన్న గాడి దగ్గర గొట్టం ఆనించి నొక్కుతాడు. టిక్. మీరు అదిరిపడతారు. తమ్మె కుట్టించుకున్నప్పటి నొప్పి కాదది, అంతకన్నా గట్టిగా చురుక్కుమంటుంది. కన్నీళ్లు వాటంతటవే వస్తాయి. సూది మొత్తం చర్మం కిందికి పోయింది, పైకి కనిపించేది చిన్న పసుపు చుక్క ఒక్కటే.

“లేవండి. నడుద్దాం.”

ఈ పద్ధతిలో కీలకమంతా ఈ నడకే. చంకకర్రల మీద వరండా చివరిదాకా వెళ్లి వస్తారు. “ఇప్పుడెంత?” ఆరు. రెండో చెవిలో అదే చోట ఇంకోటి. మళ్లీ నడక. ఐదు. చెవి డొప్ప మీద చోట్లు మొత్తం ఐదు, రెండు చెవులకూ కలిపి పది సూదులు దాటవు. నొప్పి ఒకటికో సున్నాకో దిగిందంటే అక్కడితో ఆపేస్తారు. మొదటి రెండు చోట్లకూ మెదడు భాగాల పేర్లే పెట్టారు. సింగ్యులేట్ జైరస్, థాలమస్. నొప్పి కబురు మెదడులో నడిచే దారి మీదున్న మజిలీలవి. ఆఖరి చోటుకు చైనా పేరు, షెన్‌మెన్.

ఈ పద్ధతిని 2001లో రూపొందించింది అమెరికా వైమానిక దళ వైద్యుడు రిచర్డ్ నీమ్‌త్సో. ఆయన అసలు చదువు క్యాన్సర్‌కు రేడియేషన్ వైద్యం. యుద్ధభూమిలో చొక్కా విప్పించి, బల్ల మీద పడుకోబెట్టి అరగంట సూదులు గుచ్చే వీలెక్కడిది? హెల్మెట్ తీస్తే చెవి దొరుకుతుంది. పేరు కూడా అలాగే పెట్టాడు, బ్యాటిల్‌ఫీల్డ్ ఆక్యుపంక్చర్ అని.

చెవికీ కాలికీ పొత్తేమిటన్న మీ అనుమానం పాతదే. 1950ల్లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో పాల్ నోజియే అనే డాక్టరు దగ్గరికి చెవి మీద కాల్చిన మచ్చతో కొందరు రోగులు వచ్చేవారు. సయాటికా నొప్పికి మార్సెయ్‌లో ఒకావిడ వాత పెట్టేదట, తగ్గిందని వాళ్ల మాట. వాతలు మనకేం కొత్త కాదు. పల్లెల్లో కామెర్లకు పెట్టేవాళ్లు, పుండ్లు తప్ప ఒరిగింది లేదు. నోజియే మాత్రం దాన్ని కొట్టిపారేయలేదు. చెవి మీద ఏ చోటు ఏ అవయవానిదో పటం గీశాడు, తల్లకిందులుగా ఉన్న గర్భస్థ శిశువు ఆకారంలో. ఆ పటం నాకు నమ్మశక్యంగా లేదు. కానీ చెవికి నరాల సంపద ఉన్నమాట నిజం. మెదడు నుంచి గుండెకూ పొట్టకూ దిగే వేగస్ నరం కొమ్మ ఒకటి చెవికి వస్తుంది. చెవిలో పుల్ల పెట్టుకుంటే కొందరికి దగ్గు రావడం దాని పనే.

ఈలోగా మీ నడకలో తేడా వచ్చింది. కర్ర మీద బరువు తగ్గింది. “మూడు, సార్,” అంటారు, మీ మాట మీకే వింతగా. మెదడు మసకబారలేదు, కడుపులో తిప్పడం లేదు. సూదులు మూడు నాలుగు రోజులుండి వాటంతటవే రాలిపోతాయని, చెవి ఎర్రబడి వాచితే వెంటనే చెప్పమని చెప్పి ఆయన పక్క మంచానికి జరుగుతాడు. అక్కడి కుర్రాడికి నాలుగు సూదులు పడ్డాయి. ఎనిమిది ఎనిమిదిగానే ఉంది. అతనికి మళ్లీ మార్ఫినే.

ఆ రెండో మంచాన్ని మరిచిపోకూడదు. అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల్లో 11 వేలమందికి పైగా ఈ సూదులు వేయించుకున్నవారి లెక్కలు 2020లో వచ్చాయి. మొదటిసారి వేసిన వెంటనే నొప్పి పదికి సగటున రెండున్నర దిగింది. చిన్న సంగతి కాదు. అయితే పోల్చి చూడ్డానికి ఉత్తుత్తి సూదులు వేసిన జట్టేదీ అందులో లేదు. డాక్టరు పక్కన కూర్చుని, సూది సూదికీ “ఇప్పుడెంత?” అని అడగడంవల్ల తగ్గింది ఎంత, బంగారు ముల్లువల్ల తగ్గింది ఎంత అన్నది ఆ లెక్క చెప్పదు. నా మటుకు నేను దీన్ని మందుకు తోడుగా ఒప్పుకుంటాను, మందుకు బదులుగా ఒప్పుకోను. మత్తుమందు ఒక మోతాదు తగ్గినా ఆ సైనికుడికి అది లాభమే.

మీ ఊళ్లో ఎవరైనా చెవికి సూదులు వేస్తామంటే రెండు సంగతులు చూసుకోండి. సూది ప్యాకెట్టు మీ కళ్లముందే విప్పాలి, ఎందుకంటే చెవి మృదులాస్థికి చీము పడితే తగ్గడం కష్టం, చెవి ఆకారమే చెడిపోవచ్చు. అంతకుముందే నొప్పి ఎందుకొస్తోందో డాక్టరు చేత తేల్పించుకోండి. కారణం తెలియని నొప్పిని ఏ సూదితోనూ అణచిపెట్టకండి.