భద్రతా? నోరు నొక్కడమా?

సామాజిక మాధ్యమాల్లో ఖాతా మూసినప్పుడల్లా ప్రభుత్వం భద్రత అంటుంది, మూతపడ్డవాడు సెన్సారు అంటాడు. తగవు పాతదే.

1878లో లిట్టన్ దేశభాషా పత్రికల చట్టం తెచ్చాడు. ఇంగ్లీషు పత్రికల జోలికి పోలేదు. దేశభాషల్లో అచ్చువేసేవాళ్ల దగ్గరే పూచీకత్తు అడిగాడు. మేజిస్ట్రేటు మాటే ఆఖరు, అప్పీలు లేదు. బెంగాలీ, ఇంగ్లీషు కలిపి వెలువడుతున్న అమృతబజార్ పత్రిక రాత్రికి రాత్రే పూర్తి ఇంగ్లీషు పత్రికై బయటపడింది. రిపన్ కాలంలో ఆ చట్టం రద్దయినా, 1910 ప్రెస్ చట్టం కొత్త ముద్రణాలయాలకు 500 నుంచి 2000 రూపాయల ధరావతు విధించింది. ఆనాడు భద్రత అంటే సర్కారు ఖజానాలో మన డబ్బు!

ఇప్పుడున్నది ఐటీ చట్టం 69ఏ సెక్షన్. 2015లో సుప్రీంకోర్టు 66ఏను కొట్టేసి దీన్ని నిలబెట్టింది. కారణాలు రాతలో ఉంటాయి, కోర్టులో సవాలు చేయవచ్చు అంది. కానీ 2009 నిబంధనలు ఆ వ్యవహారమంతా గోప్యంగా ఉంచమంటాయి. 2021 ఫిబ్రవరిలో రైతుల ఆందోళన వేళ ట్విట్టర్‌లో ఎన్నో ఖాతాలు ఆగాయి. కారణం చూపని ఉత్తర్వును సవాలు చేసేదెలా?

మోసగాళ్ల ఖాతాలు, హత్యలకు ఉసిగొల్పే ఖాతాలు మూయాల్సిందే. నేను అడిగేవి మూడే: కారణం చెప్పారా? జవాబు విన్నారా? అప్పీలు ఉందా? లేకపోతే పేరేదైనా అది సెన్సారే. పరాయి రాష్ట్రాల్లో తెలుగు అచ్చువేసుకుంటున్న మనం మరవకూడదు: 1878లో దెబ్బ పడింది భాష మీదే.