రెండు మిల్లీమీటర్ల విత్తనం

చెప్పులు ఇక్కడే విడవండి. తలకు టోపీ, మూతికి మాస్కు, ఒంటికి స్టెరైల్ గౌను. మొదటి తలుపు పూర్తిగా మూసుకున్నాకే రెండోది తెరవాలి. లోపల మాటల కంటే ఫ్యాన్ల హోరే ఎక్కువ. వడగట్టిన గాలి ఆగకుండా వీస్తూనే ఉంటుంది. మీరున్నది హైదరాబాద్ బంజారాహిల్స్‌లో, జనం ‘ఎల్వీ ప్రసాద్’ అని పిలిచే కంటి ఆసుపత్రి ప్రయోగశాలలో. ఏడాది 2005 అనుకోండి.

ఆపరేషన్ థియేటర్ నుంచి ఇప్పుడే ఓ చిన్న సీసా వచ్చింది. గులాబీ రంగు ద్రవం అడుగున ఏదో ఉంది, వెతికితే గాని కనబడదు. రెండు మిల్లీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల వెడల్పు. ఓ పిల్లవాడి మంచి కంటి అంచు నుంచి తీసిన ముక్క అది. దాంతో వాడి రెండో కంటికి కొత్త పైపొర పెంచాలి.

పిల్లవాడిది బీదర్ జిల్లా నిర్ణా అనుకుందాం. ఇలాంటి పిల్లలు ఎన్నో ఊళ్ళ నుంచి వస్తారు గనక పేరు మీరే పెట్టుకోండి. నిర్ణా కర్ణాటకలో ఉన్నా, జబ్బు పెద్దదైతే ఆ వైపు జనానికి హైదరాబాదే గుర్తొస్తుంది. 1956 దాకా బీదర్ హైదరాబాద్ రాష్ట్రంలో జిల్లాయే కదా. రాష్ట్రాలు మారినా జహీరాబాద్, సదాశివపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు మీదుగా వచ్చే దారి మారలేదు.

బయట వరండాలో తల్లి డాక్టరును అడుగుతోంది.

“ఖరాబైన కన్ను ఉండంగ మంచి కన్నునెందుకు కోస్తుండ్రు సారూ?”

“కాలిన కంట్లో విత్తనం లేదమ్మా. మంచి కంట్లోంచే తేవాలి. చాలా చిన్న ముక్క. ఆ గాయం తొందరగానే మానిపోతుంది.”

ఆమె తలూపింది గాని నమ్మకం కుదిరినట్టు లేదు. డాక్టరు చెప్పింది మాత్రం నిజం. నల్లగుడ్డు మీద పారదర్శకంగా ఉండే కార్నియాకు పైన అయిదారు వరసల కణాల పొర ఉంటుంది. రెప్ప కొట్టిన ప్రతిసారీ అది కాస్త అరుగుతుంది, వారం పది రోజుల్లో మొత్తం కొత్తదవుతుంది. ఆ కొత్త కణాలు పుట్టేది నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే సన్నని అంచులో. దాని పేరు లింబస్. మూలకణాల కాపురం అక్కడే.

పిల్లవాడి చేతిలో తంబాకులో కలిపే సున్నం ప్యాకెట్ చిట్లి కంట్లో పడింది. తడి సున్నం పిహెచ్ 12 దాటుతుంది. ఆమ్లం పడితే కంటి ప్రోటీన్లు గడ్డకట్టి, దాన్ని కొంతవరకైనా పైనే ఆపుతాయి. క్షారం అలా ఆగదు, కణాల పొరల్లోని కొవ్వును కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. అంచు మొత్తం కాలిపోతే మూలకణాలూ పోతాయి. కాపలా లేని సరిహద్దు దాటి తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలను వెంటేసుకుని నల్లగుడ్డు మీదికి పాకుతుంది. ఇక చూపు మసకే. దాత కార్నియా తెచ్చి అతికించినా అది ఎక్కువ కాలం నిలవదు. దాన్ని రోజూ కప్పి కాపాడే కణాలు ఎక్కణ్ణుంచి రావాలి?

ఇప్పుడు హుడ్ దగ్గరికి, అంటే వడగట్టిన గాలి వీచే గాజు తెర పెట్టె దగ్గరికి రండి. చేతులు గాజు తెర దాటి లోపలికి వెళ్ళొచ్చు, మొహం మాత్రం ఇవతలే ఉండాలి. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన పల్చటి పొర ఒకటి పళ్ళెంలో కరుగుతోంది. అది ఉమ్మనీటి సంచి పొర. సిజేరియన్ కాన్పు జరిగిన ఓ తల్లి ఇచ్చింది. హెచ్ఐవి, హెపటైటిస్, సిఫిలిస్ పరీక్షలయ్యాకే ఇక్కడికి చేరింది. దాని సొంత కణాలను గీకేసి, పొరను నున్నగా పరిచారు. పిల్లవాడి ముక్కను బ్లేడుతో ఇంకా చిన్న తునకలు చేసి దాని మీద దూరదూరంగా పెట్టారు. పైన గులాబీ రంగు పోషక ద్రవం పోశారు. అందులో ఇన్సులిన్, కణాల ఎదుగుదలను రేపే ప్రోటీన్, పిల్లవాడి రక్తం నుంచే తీసిన సీరమ్ ఉన్నాయి. పళ్ళెం ఇన్‌క్యుబేటర్‌లోకి వెళ్ళింది. అక్కడ 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్.

ఈ పద్ధతికి వెనక చాలా ఏళ్ళ పని ఉంది. 1975లో అమెరికాలో రైన్‌వాల్డ్, గ్రీన్ మనిషి చర్మకణాలను ఎలుక కణాల పరుపు మీద పెంచి చూపించారు. 1997లో ఇటలీలో గ్రాజియెల్లా పెల్లెగ్రీని, మికేలె డి లూకా బృందం లింబస్ కణాలను పెంచి ఇద్దరు రోగుల కళ్ళకు అమర్చింది. హైదరాబాద్‌లో 2001 నుంచి రోగులకు ఈ చికిత్స చేస్తున్నారు. సర్జన్ వీరేందర్ సంగ్వాన్, పాథాలజిస్టు గీతా వేముగంటి, హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు డైరెక్టరుగా పనిచేసి వచ్చిన శాస్త్రవేత్త డి. బాలసుబ్రమణియన్ దీని వెనకున్నారు. ఎలుక కణాల పరుపు వద్దనుకున్నారు. మనిషి పొర, మనిషి సీరమ్ చాలునన్నారు.

మూడో రోజు. మైక్రోస్కోపులో కన్ను పెట్టండి. నల్లటి తునక అంచు నుంచి పల్చటి కణాలు బయటికి పాకుతున్నాయి. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, మధ్యలో ఖాళీ వదలకుండా. కొన్ని తునకలు మాత్రం కదలకుండా పడి ఉన్నాయి. అవి బతుకుతాయో లేదో ఇప్పుడే చెప్పలేం. రోజు విడిచి రోజు ద్రవం మార్చాలి. బూజు ఒక్క పోగు కనబడినా పళ్ళెం పారేయాల్సిందే, పిల్లవాడి కంటిని మళ్ళీ కోయాల్సిందే. పది నుంచి పద్నాలుగు రోజుల్లో కణాలు ఒకదానితో ఒకటి కలిసి పొర నిండుతుంది.

ఆ రోజు థియేటర్లో నిలబడండి. సర్జన్ ముందు నల్లగుడ్డు మీద పాకిన కండను, రక్తనాళాలను మెల్లగా ఒలుస్తారు. కింద కార్నియా బయటపడుతుంది. పెంచిన పొరను పరిచి జిగురుతో అంటించి, పైన మెత్తటి కాంటాక్ట్ లెన్స్ కప్పుతారు.

అన్నిసార్లూ నిలుస్తుందా? నిలవదు. 2011లో ఆ బృందం 200 మంది ఫలితాలు ప్రచురించింది. సగటున మూడేళ్ళ తర్వాత చూస్తే 71 శాతం కళ్ళలో పొర రక్తనాళాలు లేకుండా నిలిచింది. ప్రపంచంలో ఎక్కడైనా గొప్పగా చెప్పుకోదగ్గ లెక్కే. అయితే ఇలాంటి ప్రయోగశాల ఎన్ని ఊళ్ళలో కట్టగలరు? ఈ గాలి, ఈ ఫ్రీజర్లు, ఈ మనుషులు బీదర్‌లో ఎక్కడ దొరుకుతారు?

అందుకే హైదరాబాద్ బృందం ఓ సాహసం చేసింది. నారు పోసి, పెంచి, పీకి నాటడం ఒక సాగు. మెట్ట చేలో కంది గింజను నేరుగా విత్తడం మరో సాగు. ఇన్నాళ్ళూ వాళ్ళు చేసింది మొదటిది. ఇక రెండోది చేసి చూద్దామనుకున్నారు. అదే రెండు మిల్లీమీటర్ల ముక్కను ఎనిమిది, పది తునకలు చేసి, కంటి మీద పరిచిన ఉమ్మనీటి సంచి పొర మీదే జిగురుతో అంటించారు. వేడి, తడి, పోషణ అన్నీ శరీరమే ఇచ్చింది. ఇన్‌క్యుబేటర్ పని కన్నే చేసింది. సంగ్వాన్, సయన్ బసు, బాలసుబ్రమణియన్, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌కు చెందిన షీలా మెక్‌నీల్ కలిసి 2012లో ఆరుగురు రోగులతో దీన్ని ప్రచురించారు. పేరు ‘స్లెట్’. 2016 నాటి 125 మంది లెక్కలో 76 శాతం నిలిచాయి. రెండు వారాల నిరీక్షణ, రెండో ఆపరేషన్, ప్రయోగశాల ఖర్చు అన్నీ పోయాయి. పదేళ్ళు పళ్ళేల్లో ఆ కణాల ఎదుగుదల చూసినవాళ్ళు గనకే, పళ్ళెం అక్కర్లేదని చెప్పగలిగారు.

ప్రయోగశాల తలుపు మాత్రం మూతపడదు. రెండు కళ్ళూ కాలినవాళ్ళ దగ్గర విత్తడానికి సొంత ముక్క ఉండదు. బంధువుల కంటి నుంచి తెస్తే, శరీరం దాన్ని తిరగ్గొట్టకుండా ఏళ్ళ తరబడి మందులు వాడాలి. జపాన్‌లో కోజీ నిషిదా బృందం 2004లో రోగి నోటి లోపలి పొర కణాలను పెంచి కంటికి వాడి చూపింది. ఆ దారిలో పళ్ళేల పని ఇంకా ఉంది.

ఇంత విద్యా అక్కర్లేకుండా చేసే సాధనం నిర్ణాలో ప్రతి ఇంట్లోనూ ఉంది. కంట్లో సున్నం పడితే నలపొద్దు, నూనె వేయొద్దు, ఆసుపత్రి ఎంత దూరమని లెక్క వేస్తూ కూర్చోవద్దు. దగ్గరున్న శుభ్రమైన నీళ్ళు ధారగా పోస్తూ అరగంట కడగండి. రెప్ప తిప్పి, కనబడిన సున్నం పలుకులు కడిగేయండి. బస్సెక్కడం ఆ తర్వాతే.