ఉత్తర్వు నుంచి సంభాషణకు: చేవెళ్ల – మొయినాబాద్ నేపథ్యంలో ప్రజాసంభాషణ పద్ధతులు (1921–2003)

వ్యాససంగ్రహం

భాష, వృత్తి, కులం, చదువు వేరువేరుగా ఉన్న ప్రజలందరికీ ఒక విషయాన్ని చేరవేయడం ఏ ఉద్యమానికైనా తొలి పరీక్ష. నిజాం రాష్ట్రంలోని ఆంధ్రోద్యమం అనువాదం, లఘుపుస్తకం, సభ అనే మూడు సాధనాలతో ఈ పరీక్షను ఎదుర్కొంది. ఆ సాధనాల బలాన్ని, పరిమితిని, తరువాతి కాలపు పాదయాత్రలు అనుసరించిన పద్ధతిని చేవెళ్ల – మొయినాబాద్ ప్రాంతంతోను, దాని పరిసరాలతోను ముడిపడిన ఘట్టాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఆంధ్రజనసంఘం, కొండా వెంకటరంగారెడ్డి, ఆంధ్రమహాసభ, వెట్టిచాకిరి, భూదానం, పాదయాత్ర.

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రహదారిపై మొదట మొయినాబాద్, తరువాత చేవెళ్ల వస్తాయి. ఒక పేరు ‘ఆబాద్’ అనే పారశీక పదంతో ముగుస్తుంది. మరొకటి తెలుగు పేరు. ఈ ప్రాంతపు భాషాస్థితి ఈ రెండు పేర్లలోనే కనిపిస్తుంది. నిజాం పాలనలో రాజధాని చుట్టూ ఉన్న గ్రామాలు అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాలో అధికభాగం నిజాం సొంత ఆదాయానికి కేటాయించిన సర్ఫేఖాస్ భూములు. పొలంలో, ఇంటిలో తెలుగు వ్యవహారభాష. కచేరీలో, న్యాయస్థానంలో 1880ల నుంచి పారశీకం స్థానాన్ని ఉర్దూ ఆక్రమించింది. రాష్ట్ర జనాభాలో దాదాపు సగం మంది తెలుగువారే. అయినా వారి భూమిని, పన్నులను, చాకిరీని శాసించే ఉత్తర్వులు వారికి తెలియని భాషలో వెలువడేవి. ఉత్తర్వును స్వయంగా చదువలేని రైతుకు, దానిని చదివి చెప్పే పట్వారీ మాటే చట్టమయ్యేది. కాబట్టి ఈ ప్రాంతంలో సంభాషణ సమస్య ప్రజల హక్కుల సమస్య కూడా.

2. భాషావమానం – సంస్థారూపం

1921 నవంబరులో హైదరాబాద్‌లోని వివేకవర్ధిని ప్రాంగణంలో మహర్షి కర్వే అధ్యక్షతన సంఘసంస్కరణ సభ జరిగింది. అక్కడ ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు కొందరు గేలి చేశారు. ఆ అవమానమే ఆంధ్రజనసంఘం ఆవిర్భావానికి దారితీసింది. సంఘం తొలి సమావేశానికి 1922 ఫిబ్రవరిలో అధ్యక్షత వహించినవారు కొండా వెంకటరంగారెడ్డి. ఆయన 1890లో నేటి మొయినాబాద్ మండలంలోని పెద్దమంగళారంలో జన్మించారు. న్యాయవాదిగా పేరు పొందారు.

ఆయన వృత్తి ఇక్కడ గమనార్హం. నాటి న్యాయవాది ఉర్దూలో వాదించాలి. కక్షిదారుతో తెలుగులో మాట్లాడాలి. రెండు భాషల మధ్య, రెండు లోకాల మధ్య నిత్యం రాకపోకలు సాగించే వృత్తి అది. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు వంటి నాయకులూ ఉర్దూ తెలిసినవారే. పాలకుల భాష తెలిసినవారు కావడం వల్లనే వీరు పాలితులకు మధ్యవర్తులు కాగలిగారు.

3. వర్గానికి తగిన విషయం

గ్రంథాలయాలు, పఠనమందిరాలు స్థాపించడం, కరపత్రాలు, లఘుపుస్తకాలు, ఉపన్యాసాల ద్వారా విజ్ఞానం వ్యాపింపజేయడం సంఘం ఆశయాలలో ముఖ్యమైనవి. 1901లో హైదరాబాద్‌లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఇందుకు పూర్వరంగాన్ని సిద్ధం చేసింది. 1923లో హనుమకొండలో సమావేశమైన ఆంధ్రజన కేంద్రసంఘం ఈ కృషిని జిల్లాలకు విస్తరించింది.

కేంద్రసంఘం ప్రచురించిన లఘుపుస్తకాలలో వర్తక స్వాతంత్ర్యం, మోతర్ఫా, వెట్టిచాకిరి అనే అంశాలు కనిపిస్తాయి. వర్తక స్వాతంత్ర్యం వ్యాపారుల సమస్య. మోతర్ఫా చేతివృత్తులవారిపై విధించే పన్ను. వెట్టి ప్రధానంగా సేవక, వృత్తి కులాలను పీడించిన వ్యవస్థ. అందరికీ ఒకే ఉపన్యాసం వినిపించే బదులు, ఏ వర్గాన్ని ఏ బాధ పీడిస్తున్నదో గుర్తించి ఆ అంశంతోనే వారిని చేరుకోవడం ఈ ప్రచురణలలోని వ్యూహం.

అనువాదానికి ఇందులో కీలకస్థానం ఉంది. వెట్టిని కట్టడి చేసే ఉత్తర్వులు ప్రభుత్వమే వెలువరించినా, అవి గ్రామానికి తెలియకుండా కాగితాలలోనే మిగిలిపోయేవి. వాటిని తెలుగులో అందించినప్పుడు వాడుకలో ఉన్న అన్యాయం చట్టవిరుద్ధమని బాధితునికి తెలిసింది. రాజద్రోహమనే నింద పడకుండా, పాలకుల మాటతోనే అధికారులను నిలదీసే వీలు కలిగింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో ప్రారంభమైన గోలకొండ పత్రిక ఈ ప్రయత్నానికి బలాన్నిచ్చింది.

4. సభావేదిక – పరిమితులు

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్రమహాసభ జరిగింది. దానితోపాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆంధ్రమహిళాసభ కూడా జరిగింది. స్త్రీలు తమ విషయాలు తామే చర్చించుకునేందుకు ప్రత్యేక వేదిక అవసరమని నాయకత్వం గుర్తించిందనడానికి ఇది నిదర్శనం. బహిరంగసభకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన ‘గస్తీ నిషాన్ 53’ ఆంక్షల నడుమ ఒక్కొక్క సభ జరపడమే ఒక సాధన. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన అయిదవ మహాసభకు కొండా వెంకటరంగారెడ్డి అధ్యక్షులు.

అయితే పుస్తకానికి పాఠకుడు కావాలి. అక్షరాస్యత అత్యల్పంగా ఉన్న సమాజంలో గ్రంథాలయం, పత్రిక, గ్రాంథిక ఛాయలున్న ఉపన్యాసం మొదట చేరుకున్నది చదువుకున్నవారిని, వ్యాపారులను, భూస్వాములను. కౌలుదారు, కూలీ ఆ వ్యాసాలలో విషయంగా ఉన్నారు. వాటి పాఠకులుగా ఉన్నవారు అరుదు. 1940లలో ఉద్యమం పల్లెల్లోకి విస్తరించినప్పుడు బుర్రకథ, గొల్లసుద్దులు ఈ లోటును చాలావరకు తీర్చాయి. గొల్లసుద్దులను ఉద్యమప్రచారానికి మలచిన సుద్దాల హనుమంతు కృషి ఇందుకు ఉదాహరణ. కళారూపం ప్రజలదే కావడంతో శ్రోతకు వక్త పరాయివాడుగా తోచలేదు. 1944 భువనగిరి మహాసభలో సంస్థ చీలిపోవడానికి సిద్ధాంతభేదాలు ప్రధాన కారణం. ఎవరి కోసం, ఎవరి భాషలో మాట్లాడాలన్న భేదం కూడా ఆ చీలికలో అంతర్లీనంగా ఉందని భావించవచ్చు.

5. నడక – వినికిడి

పైన చూసిన సాధనాలన్నిటిలో మాట ప్రధానంగా నాయకుని నుంచి ప్రజలకు ప్రవహించింది. దీనికి భిన్నమైన పద్ధతి సాయుధపోరాటపు చివరి దశలో కనిపిస్తుంది. 1951 ఏప్రిల్‌లో మొయినాబాద్‌కు తూర్పున ఉన్న శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. దానికి వినోబా భావే వార్ధా ప్రాంతం నుంచి దాదాపు నెలరోజులు నడిచి వచ్చారు. సమ్మేళనం తరువాత తెలంగాణ గ్రామాల్లో పర్యటిస్తూ ఏప్రిల్ 18న పోచంపల్లి చేరి, దళితుల కష్టాలను అడిగి తెలుసుకున్నారు. వారు 80 ఎకరాల భూమి కావాలన్నారు. ఆ కోరికను ఆయన గ్రామసభ ముందుంచగా వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ముందుకు వచ్చారు. భూదానం ముందుగా రచించుకున్న కార్యక్రమం కాదు. వినడం నుంచి పుట్టిన ఆలోచన. దానంగా వచ్చిన భూముల పంపిణీలో తరువాత ఎదురైన లోపాలు వేరే పరిశీలనకు చెందినవి.

అరశతాబ్ది తరువాత ఈ పద్ధతి ఎన్నికల రాజకీయాలలోనూ కనిపిస్తుంది. 2003 ఏప్రిల్ 9న నాటి ప్రతిపక్షనేత వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి పాదయాత్ర ప్రారంభించి, జూన్ 15న ఇచ్ఛాపురంలో ముగించారు. దాదాపు 1,500 కిలోమీటర్ల యాత్ర అది. కరవుకాలపు ఎండల్లో రైతులు వెళ్లబోసుకున్న కష్టాలలో విద్యుత్తు భారం ముఖ్యమైనది. 2004 మేలో ముఖ్యమంత్రిగా ఆయన తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు దస్త్రంపై చేశారు. వినోబా నడకకు, ఈ నడకకు ఉద్దేశంలో ఎంతో అంతరం ఉంది. రెండవది అధికారసాధనకు ఉద్దేశించినది. అయినా వక్తే శ్రోత వద్దకు నడిచి వెళ్లడం, విన్నదానికి బదులు చెప్పవలసిన బాధ్యతకు లోబడటం రెండింటికీ సమానం. నేర్పేవాడు నేర్చుకునేవాడు కూడా కావాలని బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రేరీ చేసిన ప్రతిపాదన వెలుగులో ఈ మార్పును అర్థం చేసుకోవచ్చు.

6. ముగింపు

1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాకు కొండా వెంకటరంగారెడ్డి పేరే పెట్టారు. ఆయన తరం పాలకుల భాషను ప్రజల భాషలోకి తెచ్చింది. ఒక్కొక్క వర్గపు బాధను దాని పేరుతోనే పిలిచింది. నిరక్షరాస్యునికి ఆ మాటను అందించినవి జానపద కళారూపాలు. ప్రజల మాటను నాయకుల వద్దకు తిరిగి చేర్చే అవకాశాన్ని పాదయాత్రలు చూపాయి. అనువాదం, రూపం, వినికిడి – ఈ మూడింటిలో ఏది లోపించినా భిన్నవర్గాల సమాజంలో సంభాషణ తిరిగి ఉత్తర్వుగానే మిగులుతుందని ఈ ప్రాంతపు చరిత్ర స్పష్టం చేస్తున్నది.