కందనవోలు కోటా, కందెన బళ్ళూ

కర్నూలు అనగానే ఈనాటి పాఠకుడికి కొండారెడ్డి బురుజు గుర్తొస్తుంది. బురుజు గుర్తు రాగానే దాని ముందు ఆగే జీపులూ, వేటకొడవళ్ళూ, తొడలు కొట్టుకునే మీసాలవాళ్ళూ గుర్తొస్తారు. 2003లో ‘ఒక్కడు’ సినిమా వచ్చిన తర్వాత ఈ బొమ్మ మరీ స్థిరపడిపోయింది. శతాబ్దాల ఊరిని ఒక కొట్లాట సన్నివేశానికి కుదించడం మన వ్యాపార సినిమాకి వెన్నతో పెట్టిన విద్య. కాని సినిమావాళ్ళను తిట్టి చేతులు దులుపుకుంటే న్యాయం కాదు. మన చరిత్ర పుస్తకాలు చేసిందీ సుమారుగా ఇదే. అవి కొడవళ్ళ చోట కత్తులు పెట్టాయి, ముఠా నాయకుల చోట నవాబులను పెట్టాయి. ఊళ్ళో బతికిన జనం అక్కడా కనిపించరు, ఇక్కడా కనిపించరు.

అందుకే కర్నూలు పాతబస్తీ చరిత్రను బురుజు దగ్గర కాకుండా ఊరి పేరు దగ్గర మొదలుపెడతాను.

కథ అందరికీ తెలిసిందే. ఆలంపురం గుళ్ళకు రాళ్ళు మోసే బళ్ళు తుంగభద్ర దాటబోయే ముందు ఈ ఒడ్డున ఆగి, ఇరుసులకు కందెన పెట్టుకునేవట. అందువల్ల ఇది కందెనవోలు అయిందట. తెలుగు ఎం.ఏ. చదువుకున్నవాణ్ణి కనక నేను ఈ వ్యుత్పత్తిని చాలాకాలం నవ్వి తోసేశాను. ‘ప్రోలు’ మారి ‘వ్రోలు’, అది మారి ‘వోలు’ అయింది. నిడదవోలులో ఉన్నదీ అదే వోలు. అంతవరకు పేచీ లేదు. అయితే శాసనాల్లో కనిపించే రూపం కందనవోలు. ‘కందన’ను ‘కందెన’గా జనం తమకు తెలిసిన మాటలోకి సర్దుకుని ఉండవచ్చు. పైగా ఆలంపురం నవబ్రహ్మాలయాలు బాదామి చాళుక్యుల నాటివి, ఏడు ఎనిమిది శతాబ్దాలవి. కథ చెప్పేవాళ్ళేమో పదకొండో శతాబ్దం అంటారు. లెక్క కుదరదు.

ఇప్పుడు మాత్రం ఆ కథను నవ్వి తోసెయ్యను. శాసనం అనేది దానం ఇచ్చినవాణ్ణీ, పుచ్చుకున్నవాణ్ణీ, ఆ దానాన్ని హరించినవాడు పోయే నరకాన్నీ చెప్పడానికి పుట్టింది. రాయి తోలుకొచ్చిన బండివాడి సంగతి దానికి పట్టదు. వాడి సంగతి పట్టించుకున్నది ఈ కథ ఒక్కటే. మా తాత బండి కింద ఒక వెదురు గొట్టం వేలాడుతుండేది. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి నూరి అందులో పోసేవాడు. ఆ పూత లేకుండా బరువు బండిని ఏట్లో దింపితే ఇరుసు కీచుమని ఏడుస్తుంది, ఎద్దులు గుంజలేవు. ఏటికి ఇవతలే ఆగి చక్రం ఊడదీసి కందెన పెట్టడం బండి తోలినవాడికి మాత్రమే తెలిసిన జాగ్రత్త. శబ్దశాస్త్రం ప్రకారం ఈ కథ తప్పయితే కావచ్చు, పనిలో ఇమిడి ఉన్న జ్ఞానం ప్రకారం తప్పు కాదు. రాజు పేరో దేవుడి పేరో పెట్టుకోవడానికి ఎంత వీలున్నా, తమ ఊరి పుట్టుకను బండివాళ్ళ మజిలీలో వెతుక్కున్న జనం బుద్ధిని మనం గౌరవించాలి.

పాతబస్తీ ఉన్నది రెండు ఏళ్ళ మధ్య మూలలో. ఉత్తరాన తుంగభద్ర, దక్షిణం వైపు నుంచి వచ్చి దానిలో కలిసే హంద్రీ. ఆ కూడలిలో కోట. కోట చుట్టూ పేటలు. వీధుల పేర్లు వింటే చాలు, ఇక్కడ ఎవరెవరు కలిసి బతికారో తెలిసిపోతుంది. చిత్తారిగేరిలో ‘గేరి’ కన్నడం, చిత్తారులంటే బొమ్మలు రాసేవాళ్ళు. ఖడక్‌పురాలో ‘పురా’ ఉరుదూ వాళ్ళ నోటిది. బుధవారపేట, కొత్తపేట అచ్చంగా మనవి. వారం పేరు పెట్టుకున్న పేట ఒకప్పుడు సంతపేట అయి ఉండాలి. మూడు భాషలు ఒక్క ఫర్లాంగులో సర్దుకుని ఉంటాయి. భాషా స్వచ్ఛతను గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళను ఒకసారి ఈ వీధుల్లో కూరగాయలు కొని రమ్మనాలి.

కోట విజయనగర రాజుల నాటిది. పదహారో శతాబ్దిలో అచ్యుతదేవరాయల కాలంలో కట్టారంటారు. కొన్నాళ్ళు ఆరవీటి వంశీయుల చేతిలో ఉంది. తర్వాత బిజాపూరు వశమైంది. ఇంత పెద్ద కోటలో ఈనాడు నిలిచిన ప్రధాన బురుజుకు కట్టించిన రాజు పేరు లేదు, పాలించిన సామంతుడి పేరు లేదు. దానికి ఖైదీ పేరు ఉంది. కందనవోలును ఏలిన గోపాలరాజు పదిహేడో శతాబ్దిలో ఆలంపురం కొండారెడ్డిని ఈ బురుజులో బంధించాడనీ, అతను సొరంగం గుండా ఏటి అవతలకు తప్పించుకున్నాడనీ జనం చెప్పుకుంటారు. తుంగభద్ర అడుగున ఆలంపురం దాకా సొరంగం తవ్వడం ఆ కాలానికి అయ్యే పనేనా అని నన్ను మా పిల్లలు ఏటా అడుగుతారు. అయ్యే పని కాదనే చెబుతాను. కాని ఖైదీ పారిపోయాడని నమ్మడం జనానికి ఎందుకు అవసరమైందో కూడా అడగండిరా అంటాను. కొండారెడ్డీ చిన్న ప్రభువే, శ్రమజీవేమీ కాదు. అయినా బంధించినవాడి పేరు పుస్తకాలకు వదిలేసి, బందీ అయినవాడి పేరును రాతికి కట్టబెట్టడం ఒక రకమైన తీర్పు. పక్కనే ఎర్రబురుజు ఉంది. అక్కడ రాజులెవరూ లేరు, ఎల్లమ్మ ఉంది.

హంద్రీ ఒడ్డున రెండు గుమ్మటాల గోరీ ఒకటుంది. గోల్ గుమ్మజ్ అంటారు. బిజాపూరు తరఫున కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ ఖానుది. పదిహేడో శతాబ్ది తొలి భాగం నాటిది. ఈ ఖాను హబ్షీ, అంటే అబిసీనియా నుంచి వచ్చినవాడు. దక్కను సుల్తానుల దగ్గరికి చేరిన హబ్షీలలో చాలామంది బానిసలుగా ఓడలెక్కి వచ్చినవారే. అహమ్మదునగరులో అధికారం చెలాయించిన మలిక్ అంబర్ ఆ దారిలో వచ్చినవాడే. ఆఫ్రికా మనిషి ఒకడు హంద్రీ ఒడ్డున పాలకుడై నిద్రపోతున్నాడంటే దక్కను చరిత్ర మనం అనుకున్నంత ఇరుకుది కాదన్నమాట. అతను కొన్ని గుళ్ళను మసీదులుగా మార్చాడని ఆంగ్లేయుల నాటి గెజిటీర్లు రాశాయి. ఈ మాటను దాచనక్కర్లేదు. అలాగని ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని నాలుగు వందల ఏళ్ళుగా పక్కపక్క గడపల్లో బతికిన దూదేకులవాణ్ణీ, చిత్తారినీ, బోయవాణ్ణీ బోనెక్కించనూ అక్కర్లేదు. గుళ్ళను మార్చింది పాలకుడు, శిస్తు కట్టింది మాత్రం రెండు మతాల రైతూ.

పఠాను నవాబుల కాలాన్ని వంశవృక్షంగా చెప్పే ఓపిక నాకు లేదు. ఒక్క సంఘటన చాలు. 1750 డిసెంబరులో నిజాం నాసిర్ జంగును హతమార్చిన కుట్రలో కర్నూలు, కడప, సవనూరు నవాబులూ, వెనక ఫ్రెంచి డూప్లేయీ ఉన్నారు. రెండు నెలలకే పంపకాల్లో పేచీ వచ్చి, రాయచోటి దగ్గర జరిగిన పోట్లాటలో కొత్త నిజాం ముజఫర్ జంగూ, కర్నూలు నవాబు హిమ్మత్ ఖానూ ఇద్దరూ చచ్చారు. ఆ కక్ష ఎవరి మీద తీరింది? 1751లో బుస్సీ సైన్యం, సలాబత్ జంగు సైన్యం దారిలో కర్నూలు మీద పడి కోటను పట్టి లోపలివాళ్ళను నరికాయి, ఊరిని దోచాయి. పోట్లాట రాయచోటిలో, నెత్తురు కర్నూలులో. దండు మాత్రం అక్కడ ఆగలేదు, హైదరాబాదు దారిన వెళ్ళిపోయింది.

చివరి నవాబు గులాం రసూల్ ఖాను రహస్యంగా ఫిరంగులు పోయిస్తున్నాడని తెలిసి 1839 అక్టోబరులో కుంపిణీ దండు వచ్చింది. కోట పోరు లేకుండానే చిక్కింది. జొహరాపురం దగ్గర మాత్రం అరబ్బు, రొహిల్లా, పఠాను సిపాయిలు పోరాడారు. నవాబును పట్టి తిరుచినాపల్లికి పంపారు, మరుసటి ఏడు అక్కడే హత్యకు గురయ్యాడు. ఇతణ్ణి స్వాతంత్ర్య వీరుడిగా నిలబెట్టాలని కొందరికి ఉబలాటం. కుంపిణీకి లొంగిపోకూడదని అనుకుని ఉండవచ్చు, కాని రైతును పీల్చడంలో అతను తన ముందువాళ్ళకు ఏమీ తీసిపోలేదు. దొరలు వచ్చిన తర్వాత మిగిలిన పని సాఫీగా అయింది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడింది. 1860 దశకంలో కోటగోడను పడగొట్టి బురుజులు కొన్ని, గుమ్మాలు కొన్ని ఉంచారు. ఆ గోడరాళ్ళు ఎవరి అరుగులకింద, ఎవరి కచేరీల పునాదుల్లో ఉన్నాయో వెతకడం మా పిల్లలకు ఇచ్చిన పనుల్లో ఒకటి.

అదే దశకంలో ఊరి నడుమగా కాలువ వచ్చింది. కర్నూలు–కడప కాలువ మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వినది. లండనులో వాటాలు అమ్మి, ప్రభుత్వం చేత నూటికి అయిదు వడ్డీకి హామీ రాయించుకుని తవ్విన కాలువ అది. సుంకేసుల ఆనకట్ట నుంచి కడప దాకా సుమారు 190 మైళ్ళు. నీళ్ళ కంటే పడవల మీద వచ్చే రాబడి మీద ఆశ ఎక్కువ. నల్లరేగడిలో జొన్న వేసుకునే రైతు డబ్బు పోసి నీళ్ళు కొనడానికి మొదట్లో ముందుకు రాలేదు. 1882లో నష్టాల కంపెనీని ప్రభుత్వమే కొనుక్కుంది. ఈ లోపల 1876–78 కరువులో జిల్లా జనాభాలో దాదాపు నాలుగోవంతు తరిగిపోయింది. కాలువ ఉన్న జిల్లాలోనే ఇంత చావు ఎలా జరిగిందన్నది ఇంకో వ్యాసానికి సరిపోయే సంగతి.

ఇక 1953. శ్రీబాగ్ ఒడంబడిక 1937 నవంబరులో రాసుకున్నది. దాని మాట నిలబెట్టి ఆంధ్రరాష్ట్రానికి రాజధానిగా కర్నూలును నిర్ణయించారు. కమ్యూనిస్టులు విజయవాడను కోరారు. మన వైపు పెద్దలు చేసిన ఆ పనికి లెక్కలూ, కారణాలూ ఉండవచ్చు గాని, సీమ రైతుకూలీ ముందు దాన్ని సమర్థించుకోవడం ఈనాటికీ కష్టమే. అక్టోబరు 1న నెహ్రూ వచ్చి రాష్ట్రాన్ని ప్రారంభించాడు. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. కచేరీలకు కట్టడాలు లేక గుడారాలు వేశారు. మద్రాసు నుంచి గుమాస్తాలు పెట్టె బేడాతో దిగారు. పాతబస్తీలో అరుగున్న ప్రతి ఇంటికీ అద్దెదారు దొరికాడని పెద్దలు చెబుతారు. ఎండకు ఓర్వలేక, నీళ్ళకు ఓర్వలేక వాళ్ళు తిట్టిన తిట్లూ చెబుతారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, రాజధాని హైదరాబాదుకు తరలింది. మూడేళ్ళ ఒక నెల. కందెన పెట్టుకుని బండి దాటిపోయింది. 2020లో న్యాయ రాజధాని అంటూ మళ్ళీ ఒక చట్టం చేశారు. 2021 నవంబరులో దాన్నీ వెనక్కి తీసుకున్నారు. ఈసారి బండి ఆగనైనా ఆగలేదు.

2009 అక్టోబరు 2. నేను అప్పటికి కొత్తగా ఉద్యోగంలో చేరిన పంతుల్ని. ఒకప్పుడు కోటకు కందకంలా కాపు కాసిన రెండు ఏళ్ళూ ఆనాడు ఊళ్ళోకి వచ్చాయి. కింద శ్రీశైలం నిండి ఉంది. అక్కడికి చేరిన వరద పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. నీళ్ళు కిందికి పోలేక వెనక్కి తన్నాయి. జలాశయంలో ముందే నీళ్ళు తగ్గించి ఉండాల్సిందని తర్వాత చాలా వాదం జరిగింది. పాతబస్తీలో మొదటి అంతస్తులు మునిగాయి. జనం మిద్దెలెక్కి రెండు మూడు రోజులు గడిపారు. మసీదు మిద్దె మీదికి ఎవరొచ్చారో, కోమటి మిద్దె మీదికి ఎవరొచ్చారో ఆ రాత్రి ఎవరూ అడగలేదు. నీళ్ళు తీసిన తర్వాత వీధుల్లో మోకాలి లోతు ఒండ్రు. ఇళ్ళ ముందు తడిసిన బట్టలతో పాటు పెళ్ళి ఫోటోలు, దస్తావేజులు, కురానులు, రామాయణాలు ఎండకు పరిచారు.

నేను సహాయానికి వెళ్ళిన ఒక పాతబడిలో బీరువా నిండా ప్రవేశపు రిజిస్టర్లు బురద ముద్దలై ఉన్నాయి. పనికిరానివని పారేయమన్నారు. పై వాళ్ళ ఉత్తర్వు కూడా అదే. అక్కడి అటెండరు ఒకావిడ, ‘సారూ, మా నాయన పేరు దీంట్లోనే ఉందంట, ఒగసారి చూసి పారేయండి’ అంది. నలుగురం కూచుని ఆకుల మాదిరి పుటలు ఒక్కొక్కటే విడదీసి తాడు మీద ఆరేశాం. చాలావరకు చిరిగిపోయాయి. ఎత్తి రాసుకోగలిగింది 1950ల నాటివి రెండు.

వాటిలో ‘తండ్రి వృత్తి’ అని ఒక గడి ఉంది. 1953 చివరి నుంచి ఆ గడిలో ‘గుమాస్తా’, ‘గవర్నమెంటు నౌకరీ’ అని వరసగా పడ్డాయి. ఆ పేర్లకు ఎదురుగా, 1956 నవంబరు తర్వాత తేదీలతో, ‘టి.సి. ఇచ్చాము’ అని ఎర్ర సిరాతో ఉంది. ఎర్ర సిరా లేని వరసల్లో పేర్లు నీళ్ళకు చాలావరకు అలికిపోయాయి. వృత్తి గడి మాత్రం చదవడానికి వీలుగా ఉంది. మగ్గం. కూలి. దూదేకుట. బండి. కూలి. బండి. ఆ అటెండరు తండ్రి పేరు దొరకలేదు. ఆయన బండి తోలేవాడట. అలికిపోయిన వరసల్లో ఒక ‘బండి’ మీద వేలు పెట్టి, ‘ఇదే అయుంటాది’ అంది.