సచిన్ పల్లెసీమ

సూరత్‌కు దక్షిణాన ఉన్న సచిన్ ఇప్పుడు పారిశ్రామికవాడగానే ప్రసిద్ధం. 1791లో ఇది ఆఫ్రికా మూలాలున్న సిద్దీ నవాబుల సంస్థానంగా ఏర్పడి, 1948లో బొంబాయి రాష్ట్రంలో కలిసింది. ఈ చరిత్రకు దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు. ఈ ప్రాంతమంతా చెరకు తోటలు, ఈతచెట్లు. చలికాలంలో తెల్లవారకముందే దించిన నీరా తేటగా, తియ్యగా ఉంటుంది. ఎండెక్కితే పులిసి కల్లవుతుంది. గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది కనుక పులియని నీరానే అమ్ముతారు. 1930 ఏప్రిల్ 6న గాంధీజీ పిడికెడు ఉప్పు తీసి శాసనాన్ని ధిక్కరించిన దండి, నవ్‌సారి మీదుగా చేరువే. ఆయన బసచేసిన సైఫీ విల్లా, 2019లో ప్రారంభమైన ఉప్పు సత్యాగ్రహ స్మారకం తప్పక చూడదగ్గవి. సూరత్ మరమగ్గాలపై పనిచేసే తెలంగాణ నేత కుటుంబాలు ఈ చోట్లకు ఒక్కరోజులో వెళ్లిరావచ్చు. నీరా తాగాలంటే మాత్రం పొద్దెక్కకముందే బయల్దేరాలి.