256వ పాయింటు

1995లో పార్లమెంటు చేసిన వికలాంగుల చట్టం 1996 ఫిబ్రవరి 7న అమల్లోకి వచ్చింది. 33వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వోద్యోగాల్లో 3 శాతం వాళ్ళవి: చూపు లోపానికి ఒకటి, వినికిడి లోపానికి ఒకటి, కాళ్ళూ చేతుల లోపాలకూ సెరిబ్రల్ పాల్సీకీ కలిపి ఒకటి. కేంద్రం సి, డి గ్రూపుల్లో 1977 నుంచే ఇంత వాటా ఇస్తూ వచ్చింది. చట్టం దాన్ని హక్కు చేసింది. ఢిల్లీ నుంచి చూస్తే చరిత్ర ఇంతే. కర్నూలు, కడప కలెక్టరేట్ల నోటీసుబోర్డుల ముందు నిలబడితే మాత్రం అసలు కథ రోస్టర్‌లో ఉందని తెలుస్తుంది.

ఏ ఖాళీ ఎవరికి పోవాలో వరుసగా చెప్పే వంద గళ్ళ పట్టిక అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్వీసు నిబంధనల్లో 6వ పాయింటు చూపులేనివాళ్ళది, 31 వినికిడి లేనివాళ్ళది, 56 శారీరక వికలాంగులది. ఇందులో స్త్రీల వంతు మూడు వందల్లో తిరిగేది. మొదటి వందలో 6 అంధ స్త్రీకి, రెండో వందలో 31 వినపడని స్త్రీకి, మూడో వందలో 56 పోలియో కాలున్న స్త్రీకి. అంటే ఈమె గడి 256వది.

కాగితం మీద ఇది న్యాయమే, మూడింట ఒకటి కదా! కానీ 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల తర్వాత జూనియర్ అసిస్టెంటు వంటి కొలువులకు జిల్లాయే యూనిట్. ఏదో ఒక శాఖలో ఏడాదికి రెండు ఖాళీలు నింపారనుకుందాం. 56కి చేరడానికి 28 ఏళ్ళు. 256కి 128 ఏళ్ళు. 56లో ఆమె పోటీ పడొచ్చు, మగవాళ్ళతో కలిసి.

నంద్యాల వైపు నేను మాట్లాడిన ఒకామెకు ఈ అంకెలు ఎక్కాల్లా నోటికొచ్చు. "నా వంతొచ్చేతలికి నా మనమరాలు రిటైరైపోతాదిలే మేడం" అని నవ్వింది. వయసు సడలింపు పదేళ్ళు. అదీ దాటింది ఆమెకు.

నిండని ఖాళీని మరుసటి ఏడాదికి మోయాలని 36వ సెక్షన్ చెప్పింది. అలా మోసుకొచ్చినవే బ్యాక్‌లాగ్ పోస్టులు. ఏ పని ఏ శరీరానికి తగునో 'గుర్తించే' అధికారం మాత్రం ఆఫీసర్లదే. గుర్తించిన పోస్టుల మీదే లెక్కగట్టి వాటాను కుదించారు కూడా. అలా కాదు, కేడర్‌లోని మొత్తం ఖాళీల మీద లెక్కించాలని 2013 అక్టోబరు 8న నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ది బ్లైండ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేదాకా పదిహేడేళ్ళు గడిచిపోయాయి.

ఇలాంటి కోటాలు మొదట పుట్టింది యుద్ధాల్లోంచి. 1920లో జర్మనీ, 1944లో బ్రిటన్ చట్టాలు చేసినప్పుడు కళ్ళముందున్నది గాయపడి తిరిగొచ్చిన సైనికుడు. అతనికి దేశం బాకీ పడింది. వంటింట్లో, చేలో పనిచేసే అవిటి ఆడపిల్లకు ఎవరూ బాకీ పడ్డట్టు లేరు. మన కథల్లోనూ ఆమె ఎవరికో భారంగానో, ఎవరి త్యాగానికో సాక్ష్యంగానో కనిపిస్తుంది తప్ప జీతం తెచ్చే మనిషిగా అరుదు.

పేర్లు మాత్రం మారాయి. వికలాంగులు విభిన్న ప్రతిభావంతులయ్యారు, దివ్యాంగులయ్యారు. 2016 చట్టం వాటాను 4 శాతం చేసింది. ఆ జాబితాలో యాసిడ్ దాడి బాధితులను చేర్చింది. మగవాడి చేతిలో పాడైన ఆడదాని ముఖం మన ఉద్యోగ నిబంధనల్లోకి రావడం అదే మొదలు. ఆమెను కూర్చోబెట్టింది కూడా పోలియో కాలున్నామె పక్కనే, అదే ఒక్క శాతంలో.